మేమూ టీమ్ మెంబర్లమే

వైకల్యం ఉన్న పిల్లలందరికీ బడి ఉచితంగా, వాళ్ళకు తగినట్టుగా చదువు చెప్పి తీరాలని అమెరికా 1975లో చట్టం చేసుకుంది. 1990లో దాని పేరు మార్చి, పొట్టిగా ‘ఐడియా’ అన్నారు. ఆ చట్టం ప్రకారం ఒక్కో పిల్లకీ ఒక్కో ప్రణాళిక రాయాలి. దాన్నే ఐఈపీ అంటారు. అది రాసే బృందంలో ఎవరెవరుండాలో చట్టమే వరస చెప్పింది. ఆ వరసలో మొట్టమొదట ఉన్నది తల్లిదండ్రులు. టీచర్లు, సైకాలజిస్టు, స్కూల్ డిస్ట్రిక్టు ప్రతినిధి అందరూ మా తర్వాతే. మా ఏడో క్లాసు వాడి పుణ్యమా అని ఈ పదవి నాకు ఆరేళ్ళుగా ఉంది. కనుక ఈ నాలుగు ముక్కలూ పదవిలో ఉన్న మనిషి రాసినవిగా చదువుకోగలరు. ఫిర్యాదు అనుకునేరు సుమా.

మొన్నటి మీటింగుకి పదింటికల్లా వెళ్ళాం. బల్లకు అవతల ఎనిమిది మంది, ఇవతల నేనూ మా ఆయనా. బల్ల మీద టిష్యూ డబ్బా ఒకటుంది. అది సరిగ్గా మా చేతికి అందేట్టు, వాళ్ళకు అందనట్టు పెట్టారు. ఎవరు ఏడవాలన్నది ముందే ఖరారైపోయిందన్నమాట. ప్లానింగంటే అదీ.

మాకిచ్చింది అరగంట. అందులో ఏడు నిమిషాలు పరిచయాలకే సరిపోయాయి. తర్వాత వాడి బలాలు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడట, తలుపు పట్టుకుని అందరికీ దారిస్తాడట. ఆరేళ్ళుగా వాడు తలుపు పట్టుకునే ఉన్నాడు. అందులోంచి లోపలికి వాణ్ణి ఎప్పుడు రానిస్తారో అడగడానికి నాకు వంతు రాలేదు.

తర్వాత డ్రాఫ్టు చేతిలో పెట్టారు. ఇరవయ్యేడు పేజీలు. “డ్రాఫ్టు మాత్రమేనండీ, మీ మాట విన్నాకే ఫైనల్” అన్నారు. సంతకం చెయ్యాల్సిన చోట పసుపుపచ్చ చీటీ అప్పటికే అంటించి ఉంది. పద్నాలుగో పేజీలో మా వాడి పేరు కింద, ‘ఆమెకు భిన్నాల కూడిక ఇంకా పట్టుబడలేదు’ అని రాసుంది. పేరు మాది, సర్వనామం ఎవరిదో. చూపించాను. “అయ్యో, టైపింగ్ పొరపాటు” అన్నారు. ప్రతి పిల్లకీ విడిగా ప్రణాళిక రాయమంది గానీ, విడిగా టైపు చెయ్యమని చట్టం ఎక్కడా అనలేదు కదా.

ఈ ఏడాది లక్ష్యాల్లో మొదటిది లాకరు. మిడిల్ స్కూల్లో గంటకీ గంటకీ మధ్య నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాల్లో మూడు అంకెల తాళం కుడికీ ఎడమకీ తిప్పి తెరిచి, పుస్తకాలు మార్చుకుని, అవతలి చివరున్న క్లాసుకి చేరాలి. మా వాడి వేళ్ళకు ఆ తాళం లొంగదు. వచ్చే మీటింగు నాటికి ‘5 సార్లలో 4 సార్లు, 80 శాతం కచ్చితత్వంతో’ తెరుస్తాడని లక్ష్యం రాశారు. “ఐదింట నాలుగంటేనే ఎనభై కదండీ, ఆ ఎనభైలో మళ్ళీ ఎనభయ్యంటే అరవై నాలుగు కాదూ?” అని మా ఆయన లెక్క వేశారు. ఎనిమిది మందీ ఆయన వంక జాలిగా చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, అది మా వాడి వాటా. నేను ఊరుకోకుండా, తాళంచెవితో తెరిచే తాళం ఒకటి పెడితే ఏడాది మిగులుతుంది కదా అన్నాను. ఆలోచన మంచిదేననీ, తాళాలు చూసేది వేరే ఆఫీసనీ చెప్పారు.

న్యాయంగా చెప్పాలంటే పై కోర్టు మా పక్షమే. కొలరాడో నుంచి వెళ్ళిన ఒక ఆటిజం పిల్లవాడి కేసులో, నామమాత్రం కన్నా కాస్త ఎక్కువ ప్రగతి ఉంటే చాలన్న వాదన చెల్లదని 2017లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అంతకుముందు నామమాత్రం కన్నా కాస్త ఎక్కువైతే సరిపోయేది. ఇప్పుడు ఆ కాస్తకీ గ్రాఫు గీసి ఇస్తున్నారు. ఇక డబ్బు సంగతి. ఒక్కో విద్యార్థికయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందని 1975లోనే అనుకున్నారు. ఇన్నేళ్ళలో ఒక్క ఏడూ ఆ 40 ముట్టలేదు. దానికి మాత్రం ఎవరూ లక్ష్యం రాయలేదు.

అడ్మిషన్ రోజు ఇంటి భాష తెలుగు అని రాసిన పాపానికి, నాకు ఇంగ్లీషొచ్చునంటున్నా వినకుండా ఫోనులో దుబాసీని పెట్టారు. మా వాణ్ణి వీలైనంత వరకూ మిగతా పిల్లల మధ్యే ఉంచాలని సైకాలజిస్టు చెప్పిన మాట, ఫోనులోంచి ‘అతి తక్కువ ఆంక్షలు గల పర్యావరణం’ అయి బయటికొచ్చింది. బడి పక్కన ఫ్యాక్టరీ ఏమైనా పెడుతున్నారా అని మా ఆయన నా చెవిలో అడిగారు. దుబాసీని అని ఏం లాభం? ఆ మాటకు తెలుగు మన దగ్గరా లేదు. మనకు ‘స్పెషల్’ అంటే స్పెషల్ దర్శనం, స్పెషల్ మీల్స్. ఒక పుట్టినరోజు పార్టీలో మా వాడు స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్నాడని నోరు జారాను. “చెప్పనేలేదేం వదినా! మా వాడికీ సీటు దొరుకుతుందా? ఎంట్రన్స్ ఎప్పుడు?” అని ఒకావిడ పట్టుకుంది. విషయం విడమర్చి చెప్పాక, ఆవిడే గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పొద్దని నాకు సలహా ఇచ్చింది.

తల్లిదండ్రులకు ఆసరా లేదనడానికి కూడా లేదు. పోయిన నెల మా కోసమే ఒక సాయంత్రం పెట్టారు. పిల్లల్ని కనిపెట్టుకునే ఏర్పాటు లేదు కాబట్టి వెంట తీసుకురావద్దని కాగితం మీద అడుగున రాశారు. వాణ్ణి వదిలి వెళ్ళే చోటుంటే నాకీ ఆసరాతో పనేముంది? మా ఆయన పని మాని ఇంట్లో ఉంటే వెళ్ళాను. వచ్చినవాళ్ళం ముగ్గురం. ఊపిరి దీర్ఘంగా పీల్చమన్నారు. పీల్చాం. అదే కాగితం వెనక, ఇలాంటి తల్లిదండ్రులకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రం నంబరొకటి చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చట్టప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ అలాంటిది ఒకటైనా ఉండాలి, దాని బోర్డులో సగానికి పైగా తల్లిదండ్రులే ఉండాలి. ఈ ముక్క నాకు పదవిలోకొచ్చిన ఆరో ఏట తెలిసింది.

మీటింగు చివర హక్కుల పుస్తకం కావాలా అని ఎప్పటిలాగే అడిగారు. అది జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టం. ఇంట్లో ఐదున్నాయి, రెండింటిని ఊగే డైనింగ్ టేబుల్ కాలి కింద పెట్టాను. ఈ ఆరేళ్ళలో నా హక్కులు నాకు ఆసరాగా నిలబడ్డది అక్కడే.

బయటికొస్తుంటే జెరాక్స్ మెషిన్ దగ్గర కేస్ మేనేజర్ ఎదురైంది. మీటింగులో పెదవి విప్పని మనిషి. కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకునే, “ఏది కావాలన్నా రాసి అడగండి. కాదంటే, ఎందుకు కాదో రాసి ఇమ్మనండి, ఇచ్చి తీరాలి. నేను చెప్పానని మాత్రం అనకండి” అంది. అప్పటికే బయట బెంచీ మీద ఇంకో జంట కూర్చుని ఉంది. టిష్యూ డబ్బా మార్చాలని ఎవరో లోపల్నుంచి కేకేశారు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. మూడు పేజీలొచ్చింది. మా ఆయన చదివి, కోపమున్న చోటల్లా కొట్టేస్తే రెండు పేజీలు మిగిలింది. తాళం, స్పీచ్ క్లాసు, పద్నాలుగో పేజీ, అన్నీ ఉన్నాయి అందులో. పొద్దున్నే మెయిల్ చేశాం.

తొమ్మిదో రోజున ఫైనల్ కాపీ వాడి బ్యాగులో, సగం తిన్న అరటిపండు కింద దొరికింది. ‘తల్లిదండ్రుల ఆందోళనలు’ అన్న గడిలో, ‘ప్రస్తుతానికి ఏమీ లేవు’ అని ఉంది. పద్నాలుగో పేజీ తిప్పాను. ఆమె అక్కడే ఉంది. భిన్నాల్లో కాస్త మెరుగైందట.