బెండకాయ కొస విరిచే హక్కు

మా కాలనీ సూపర్ మార్కెట్లో కూరగాయల దగ్గర కొత్తగా ఒక బోర్డు పెట్టారు: "దయచేసి బెండకాయలు విరవకండి." ఎర్ర అక్షరాలు, కింద రెండు గీతలు. తెలుగువాడి మీద ఇంత బాహాటంగా దాడి జరుగుతుంటే పత్రికలు ఏం చేస్తున్నాయో అర్థం కాదు.

ముదిరిన బెండకాయ, ముదిరిన బ్రహ్మచారి ఎందుకూ కొరగారని పెద్దలు ఏనాడో తేల్చేశారు. బ్రహ్మచారిని విరిచి చూసే వీల్లేదు కాబట్టి పరీక్ష మొత్తం బెండకాయ మీదే సాగుతోంది. కొస టక్కున విరిగితే లేత, వంగి ఊరుకుంటే ముదురు. విరిగింది లేతదే కదా, మరి అదే సంచిలో పడాలి కదా అని అమాయకులు అడుగుతారు. పడదు. విరిగినదాన్ని ట్రేలో పెట్టేసి, దాని పక్కనున్న విరగనిదాన్ని తీసుకోవాలి. ఎవరో విరిచిన కాయను ఎవరు కొంటారండీ?

ఇదే శ్రద్ధతో సొరకాయ మీద గోరు గుచ్చుతాం. మొక్కజొన్న పొత్తు సగం ఒలిచి, గింజ చూసి వదిలేస్తాం. టమాటాను డాక్టరు పొట్ట నొక్కినట్టు నొక్కుతాం. ద్రాక్ష సంగతి చెప్పను. రుచి చూడటం పూర్తయ్యేసరికి కొనాల్సిన అవసరమే తీరిపోతుంది. రాత్రికి వీటన్నిటినీ ఏం చేస్తారని అక్కడి కుర్రాణ్ని అడిగాను. "డంప్ సార్" అని ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

నేరమంతా మన వేళ్లదే అంటే మాత్రం ఒప్పుకోను. మూసేసే వేళకు కూడా ట్రేలు పొంగిపొర్లుతూ ఉండాలన్నది స్టోరు నియమం. నాలుగు వంకాయలే మిగిలితే, ఏరగా మిగిలినవని మనం ముట్టుకోం. అందుకని వాటి మీద మరో నలభై పోస్తారు. ఆ నాలుగూ అడుగున నలిగి ప్రశాంతంగా కుళ్లుతాయి. తోటకూర వాడితే నీళ్లు చల్లుతారు, తాజాగా కుళ్లడానికి. అరటిపండ్లు, ఆపిల్స్ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది తగిలితే ఆకుకూర తొందరగా పసుపురంగుకు తిరుగుతుంది. మా స్టోర్లో పాలకూరకు సరిగ్గా నెత్తిమీద అరటి గెలలు వేలాడదీశారు. చూడ్డానికి మాత్రం పెళ్లిపందిరిలా ఉంటుంది.

అయినా సూపర్ మార్కెట్లు వృథా తగ్గించడం లేదనడం అభాండం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిసి పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో దుకాణాల వాటా 12 శాతం, ఇళ్ల వాటా 60 శాతం. బుద్ధి విషయంలో దుకాణం మనకంటే అయిదు రెట్లు మెరుగన్నమాట. ఆ బుద్ధి ఎలా వచ్చిందో ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి నాకు తెలిసింది: కొత్తిమీర కట్ట ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. ఆ రెండో కట్ట వాళ్ల డంప్ లెక్కలోంచి తప్పించుకుని మా ఫ్రిజ్ కింది అరలో చేరింది. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, నల్లటి రసంగా మారి, చెత్తబండి ఎక్కింది. ఇప్పుడు ఆ అర స్టోరుకు బ్రాంచి ఆఫీసు. అద్దె లేదు, కరెంటు బిల్లు నాది.

ఇది ఇంటివైపు దారి. పొలం వైపు ఇంకో దారి ఉంది. వంకర కీరదోస, మచ్చ పడిన టమాటా, కాస్త బొద్దుగా ఎదిగిన వంకాయ గ్రేడింగ్‌లోనే వెనక్కి పోతాయి. అవి రైతు గట్టు మీద కుళ్లితే స్టోరు పుస్తకంలో ఒక్క గ్రాము కూడా పడదు. ఐరోపా వాళ్లయితే దీనికి 1988లో ఏకంగా నిబంధనే రాశారు: మేలురకం కీరదోస 10 సెంటీమీటర్ల పొడవుకు 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. 2009లో ఎత్తేశారు. మనకు స్కేలు అక్కర్లేదు, పెళ్లిచూపుల అనుభవం చాలు.

ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది: 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినదగ్గ సరుకును నాశనం చేయకూడదు, సేవాసంస్థలతో ఒప్పందం చేసుకుని ఇవ్వాలి. మా స్టోరు వెనక గేటు దగ్గరికి ఏ ఒప్పందమూ లేకుండా ఒక ఆవు రోజూ రాత్రి పదింటికి వస్తుంది. ఏ చట్టమైనా ఇంత టైముకు అమలవుతుందా? హైదరాబాద్‌లోని బోయినపల్లి హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021లో సాక్షాత్తు ప్రధానే రేడియోలో మెచ్చుకున్నారు. ఆ లెక్కన నేను బెండకాయలు పాడుచేస్తున్నవాణ్ని కాదు, ముడిసరుకు తయారుచేస్తున్నవాణ్ని.

మా వీధి మూలన తోపుడుబండి ఆమె ఒకరున్నారు. ఆమెకు ఎంబీయే లేదు, డ్యాష్‌బోర్డు లేదు, తడిపిన గోనెపట్టా ఒకటి ఉంది. పొద్దున తెచ్చింది రాత్రికి అయిపోతుంది. ఏడు దాటాక వంకరవీ, మచ్చవీ, మిగిలినవీ కలిపి "కుప్ప ఇరవై" అంటుంది. ఇలాంటి వెనకబడిన పద్ధతి గురించి రాయడం నా స్థాయికి తగదు. కానీ మొన్న అలవాటుకొద్దీ ఆ బండి మీది బెండకాయ కొసపై బొటనవేలు పెట్టాను.

"ఇరిస్తే తీస్కోవాలె సారూ" అంది, తల కూడా ఎత్తకుండా.

వేలు తీసేశాను. ఆదివారం నుంచి మళ్లీ సూపర్ మార్కెట్‌కే వెళ్తున్నాను. అక్కడ బోర్డు ఉంది కానీ, చెప్పేవాళ్లు లేరు.