ఏ ద్రవంలో ఆ ఫెమ్టోగ్రాము?

ఇంట్లో షుగర్ మీటర్ 100 చూపించిందంటే, మిల్లీలీటరు రక్తంలో ఒక మిల్లీగ్రాము గ్లూకోజ్ ఉన్నట్టు. 2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు గ్రాఫీన్ అనే పలచటి కార్బన్ పొరతో చేసిన సెన్సార్ మిల్లీలీటరుకు ఒక్క ఫెమ్టోగ్రాము కరోనా స్పైక్ ప్రోటీన్ ఉన్నా పసిగట్టింది. మిల్లీగ్రాములో లక్ష కోట్లో వంతు అది! ఇలాంటి అంకె దొరికితే ‘చుక్క రక్తంతో క్యాన్సర్ గుట్టు’ అని హెడ్డింగ్ పెట్టడానికి మా పత్రికలవాళ్లకి చెయ్యి దురద పెడుతుంది.

అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది. ఒక్క ఫెమ్టోగ్రాము అన్నది ల్యాబ్‌లో కలుపుకున్న శుభ్రమైన బఫర్ ద్రావణంలో. స్వాబ్ వేసి పంపే ద్రవంలోకి వచ్చేసరికి 100 ఫెమ్టోగ్రాములు ఉంటే గానీ దొరకలేదు. రక్తం జోలికి ఇంకా వెళ్లనే లేదు.

2004లో మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ టేపు అంటించి గ్రాఫైట్ నుంచి ఒలిచిన ఈ గ్రాఫీన్ పొర మందం ఒక్క పరమాణువే. అంతా పైభాగమే, లోపలంటూ లేదు. అందుకే దానిమీద అమర్చిన యాంటీబాడీకి (వెతికే ప్రోటీన్‌ని పట్టుకునే అణువుకి) ప్రోటీన్ తగులుకోగానే కరెంటు మారుతుంది. కానీ రక్తంలో ఉప్పు ఉంది. ఆ అయాన్లు ప్రోటీన్ చుట్టూ మూగి దాని విద్యుదావేశాన్ని కప్పేస్తాయి. సుమారు ఒక నానోమీటరు దాటితే గ్రాఫీన్‌కి ఏమీ తెలియదు. యాంటీబాడీ పొడవే పది నానోమీటర్లు. నీళ్లు కలిపి ఉప్పు తగ్గిద్దామంటే, వెతికే ప్రోటీనూ పలచబడుతుంది. పైగా రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పిలవకుండానే వచ్చి అతుక్కుంటుంది. యాంటీబాడీకి బదులు పొట్టి డీఎన్ఏ పోగులు వాడటం లాంటి ఉపాయాలున్నాయి, బాగానే పనిచేస్తున్నాయి కూడా. ఒక చిప్ చెప్పిందే పక్క చిప్ చెప్పాలి కదా, అసలు టెన్షన్ అక్కడ.

సరే, అన్నీ కుదిరాయనుకుందాం. ముందే కనిపెడితే మేలేనా? అదే కొరియాలో హెల్త్ చెకప్‌లకు మెడ స్కాన్ జతయ్యాక, 1993తో పోలిస్తే 2011లో థైరాయిడ్ క్యాన్సర్ రేటు 15 రెట్లయింది. మరణాల రేటు మాత్రం ఉన్నచోటే ఉంది. ఎందరో గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు.

అందుకే నా ఓటు ముందు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్‌కి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఆ ప్రోటీన్ పెరిగిందని తేలితే, తర్వాతేం చెయ్యాలో డాక్టరుకి తెలుసు. ఇప్పుడు వాడే ఒక టెస్టులో హద్దు మిల్లీలీటరుకు 14 పికోగ్రాములు, అంటే 14,000 ఫెమ్టోగ్రాములు. గ్రాఫీన్‌తో ఆ కొలత రక్తంలోనే, మంచం పక్కనే, ప్రతిసారీ ఒకేలా వస్తే చాలు.