ఒలింపిక్ తీరంలో రాత్రి బస: పర్మిట్ ఒక్కటే సరిపోదు

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో ఒలింపిక్ నేషనల్ పార్క్ చూడనివాళ్ళు తక్కువే. కాకపోతే చూసే తీరు దాదాపు అందరిదీ ఒకటే: లాంగ్ వీకెండ్, రెండు మూడు కార్లు, హో రెయిన్ ఫారెస్ట్ గేటు దగ్గర క్యూ, రియాల్టో బీచ్‌లో ఫొటోలు, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం. అందులో తప్పేమీ లేదు. ఈ మధ్య మాత్రం వీపున సామాను వేసుకుని అడవిలోనో, సముద్రం ఒడ్డునో ఒకట్రెండు రాత్రులు ఉండి రావాలనే సరదా మనవాళ్ళలో కనిపిస్తోంది, చాలా సంతోషం. నా భయమల్లా ఒక్కటే, ఆన్‌లైన్‌లో పర్మిట్ దొరికితే సగం పని అయిపోయినట్టే అనుకోవడం.

పర్మిట్ అంటే మనిషికి రాత్రికి 8 డాలర్లు, పైన 6 డాలర్ల రిజర్వేషన్ ఫీజు. గుంపులో 12 మందికి మించకూడదు, రద్దీ చోట్ల రాత్రికి ఇంతమందే అని కోటా ఉంటుంది. ఈ హద్దులు ఉండాల్సిందే. 1938లో ఏర్పడిన పార్కుకి 1953లో కలిపిన తీరం ఇది, పొడవు 73 మైళ్ళు, చాలావరకు రోడ్డు లేదు, ఆ రోడ్డు లేకపోవడమే దాని విలువ. కానీ పర్మిట్ మనుషుల్ని లెక్కపెడుతుందే తప్ప సముద్రం సంగతి చెప్పదు.

అసలు విషయం అక్కడే ఉంది. విశాఖలో ఆటుపోట్ల తేడా మీటరున్నర లోపే కాబట్టి మనలో చాలామందికి పోటు వేళలు చూసుకునే అలవాటే లేదు. ఈ తీరంలోని లా పుష్ దగ్గర ఆ తేడా సగటునే సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది. రోజుకి రెండు పోట్లు వస్తాయి, రెండూ ఒకే ఎత్తున రావు, పైగా రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి, అంటే నిన్న దాటిన వేళకే ఈరోజు దాటొచ్చని అనుకోవడానికి లేదు. థర్డ్ బీచ్ నుంచి ఆయిల్ సిటీ దాకా 17 మైళ్ళ దారినే తీసుకోండి. టేలర్ పాయింట్, హో హెడ్ దగ్గర నీరు ఎంత తగ్గినా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండల చుట్టూ తిరిగి వెళ్ళలేం. చెట్టుకి కొట్టిన ఎరుపు, నలుపు వలయాల గుండ్రటి గుర్తు ఎక్కడుందో వెతుక్కుని, బురదలో వేలాడే తాడు పట్టుకుని, చెక్క నిచ్చెన మీదుగా పైకెక్కి అడవిలోంచి అవతలికి దిగాలి. డైమండ్ రాక్ దగ్గర ఇంకో రకం, నీరు బాగా తగ్గినప్పుడే దారి ఉంటుంది, ఆ దారి కూడా నాచు పట్టిన బండరాళ్ళ మీద. అలాంటి చోట గంటకి మైలు నడవడమే గగనం. మ్యాప్‌లో రెండు మైళ్ళే కదా అని ఆలస్యంగా బయల్దేరితే ముందు దారి మునిగిపోతుంది, కాసేపటికి వెనక దారీ పోతుంది. ఒడ్డున పడి ఉన్న పెద్ద పెద్ద మొద్దులు కూర్చోడానికి బాగానే ఉంటాయి గానీ, పోటు వేళ అల తగిలితే అవి కదులుతాయి, మనిషిని నలిపేస్తాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

తిండి దగ్గరా మనం కాస్త మారాలి. తీరం పొడవునా తిండిని బేర్ క్యానిస్టర్‌లోనే, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలోనే పెట్టాలి, అది రూల్. ఎలుగుబంట్లు ఉన్నమాట నిజమే, కానీ ఒడ్డున రాత్రంతా తిరిగేవి రకూన్లనే చిన్న జంతువులు. వాటికి మన చేతివేళ్ళ లాంటి వేళ్ళున్న పంజాలు, జిప్పు తీయడం లెక్కే కాదు, టెంట్ గుడ్డ చించడం అంతకంటే సులువు. ఆవకాయ సీసా, పులిహోర పొట్లం, కారప్పూస, టూత్‌పేస్ట్, వాసన వచ్చేదేదైనా ఆ గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి, అంటే పదిమందికి వండిపెట్టే లెక్కలో సామాను మోసుకెళ్ళడం కుదరదు. నీళ్ళు వాగుల్లో దొరుకుతాయి, టీ రంగులో ఉంటాయి, ఆకులూ చెక్కల రసమే అది, ఫిల్టర్ చేసుకుని తాగొచ్చు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేనైతే ఓజెట్ సరస్సు దగ్గర మొదలయ్యే దారి చెబుతాను. అడవిలో చెక్క బాట మీద మూడు మైళ్ళు నడిస్తే కేప్ అలావా, అక్కణ్ణుంచి ఒడ్డు వెంట మూడు మైళ్ళు శాండ్ పాయింట్, మళ్ళీ మూడు మైళ్ళు వెనక్కి. మధ్యలో వెడ్డింగ్ రాక్స్ దగ్గర మకా జాతి పూర్వీకులు రాళ్ళ మీద చెక్కిన బొమ్మలుంటాయి. అక్కడా పోటు చూసుకునే నడవాలి, కాకపోతే నేర్చుకోవడానికి వీలైన దూరం.

ఇవన్నీ వెబ్‌సైట్‌లో రాసే ఉంటాయి, నిజమే. కానీ పోర్ట్ ఏంజెలెస్‌లోని పార్క్ ఆఫీసులో రేంజర్ ఎదురుగా కూర్చుని మన మ్యాప్ మీద వేలుపెట్టి “ఇక్కడికి ఎన్నింటికి చేరతారు?” అని అడిగితే వచ్చే జాగ్రత్త వేరు. అందుకే 2025 ఫిబ్రవరిలో నేషనల్ పార్క్ సర్వీస్‌లో సుమారు వెయ్యి మందిని తీసేసినప్పుడు నాకు కోపం వచ్చింది, తర్వాత కోర్టులు జోక్యం చేసుకున్నా సరే. 2024 డిసెంబర్‌లో వరదకి కొట్టుకుపోయిన హో రోడ్డు మరుసటి మే నెలలో తెరుచుకుందంటే కారణం, ఆ మరమ్మతుకి వాషింగ్టన్ రాష్ట్రం 6,23,000 డాలర్లు ఇవ్వడం, స్థానికులు చందాలు వేసుకోవడం. రోడ్డు కోసం అందరూ కదిలారు, రేంజర్ల ఉద్యోగాల కోసం కూడా అలాగే కదలాలి. ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువాళ్ళు తక్కువమందేం లేరు, తమ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఈ విషయం మీద ఒక ఫోన్ చేయడం పెద్ద పనేం కాదు.