చీమల పద్యం, గబ్బిలం కబురు

మీ వ్యాసంలో చీమను చూసి కష్టపడటం, సాలీడును చూసి పట్టుదల నేర్చుకోవాలని, మన శతక పద్యాలు చెప్పేదీ అదేనని రాశారు. వ్యాసం బాగుంది కానీ, మీరు చూపించిన ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’ పద్యంలో కష్టానికి మెచ్చుకోలు ఎక్కడుందండీ? పామరుడు కూడబెట్టిన బంగారం రాజుల పాలవుతుందని కదా సుమతీ శతకం అనేది! (పుట్టలు కట్టేది నిజానికి చెదపురుగులు, అది వేరే సంగతి.) మా గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకుని, ధర ఎంత పలుకుతుందోనని టెన్షన్‌గా కూర్చున్న రైతుకు ఈ పద్యం వినిపించండి. తాత్పర్యం ఆయనే చెబుతాడు.

జాషువా పేరే ఎత్తకపోవడం మాత్రం అన్యాయం. వినుకొండలో పుట్టిన కవి, మన వాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు గబ్బిలానికి చెప్పుకుని, కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడికి కబురు మోయడానికి మేఘం దొరికింది, ఇతడికి అందరూ అపశకునమని తరిమే ప్రాణి దొరికింది. గుడిలో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పు అంటాడు. ఆ ‘పూజారి లేని వేళ’ దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఆ గబ్బిలం మనకు ఏ నీతీ బోధించదు, అతను చెప్పింది వింటుంది, అంతే.

ఆయనవే గిజిగాడు, సాలీడు పద్యాలు కూడా ఉన్నాయి. మీ వ్యాసానికి రెండో భాగం రాస్తే శతకాలు కాస్త తగ్గించి అవి వేయండి.