సినిమా మొత్తం ఒక్క ఫొటోలో, మరి మన క్రాస్‌రోడ్స్ సంగతేంటి?

హిరోషి సుగిమోటో అని జపాన్ ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు, 1948లో టోక్యోలో పుట్టాడు, 1970ల్లో న్యూయార్క్‌లో ఉండగా ఆయనకో ఆలోచన వచ్చింది, సినిమా మొత్తాన్ని ఒకే ఒక్క ఫొటోగా తీస్తే ఏం కనిపిస్తుందీ అని. పెద్ద కెమెరా తీసుకెళ్లి హాల్లో పెట్టి, సినిమా మొదలవగానే కెమెరాలోకి వెలుతురు రానిచ్చే షట్టర్ తెరిచి, అయిపోయాక మూశాడు. ఫొటోలో హీరో లేడు, హీరోయిన్ లేదు, స్క్రీన్ తెల్లగా వెలిగిపోతోంది అంతే. అలా తీసిన 'థియేటర్స్' సిరీస్ ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉంది.

తెల్ల డబ్బాకి మ్యూజియమా అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. లెక్కేయండి, సెకనుకి 24 ఫ్రేములు, రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 ఫ్రేములు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పడి వచ్చిన తెలుపు అది. నాకు ఇంకా ఇష్టమైంది ఏంటంటే, హాలుకి వేరే లైటు పెట్టలేదు, స్క్రీన్ మీంచి వచ్చిన వెలుతురే గోడల మీద, సీలింగ్ నగిషీల మీద, కుర్చీల మీద పడింది, సినిమా చూస్తున్నంతసేపూ మన కళ్లు అస్సలు పోని థియేటర్ అందులో దొరుకుతుంది.

అది చూసినప్పుడల్లా నాకు హైదరాబాద్‌లో సినిమా హాళ్లు గుంపుగా ఉండే ఆర్టీసీ క్రాస్‌రోడ్సే గుర్తొస్తుంది. సుదర్శన్ 70 ఎంఎం పోయింది, పాత ఓడియన్ పోయింది, కాస్త అవతల ఉన్న లిబర్టీ అయితే ఎప్పుడో పోయి అక్కడి ఏరియా పేరుగా మిగిలింది. సంధ్య, దేవి, సుదర్శన్ 35 ఉన్నాయి. వీటిని ఇలా ఎవరైనా తీయాలి, ఇప్పుడే తీయాలి, ఆ ప్రింట్లు మన మ్యూజియంలలో గోడకెక్కాలి. ఆరో నిజాం కాలంలో ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసి పెట్టబట్టే కదా నిజాం మహళ్లు అప్పట్లో ఎలా ఉండేవో మనకి తెలిసింది, నేల టికెట్టు జనం కూర్చున్న హాళ్లకి ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

సుగిమోటో పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టు కుదరదు లెండి. మనకి ఇంటర్వెల్ ఉంది, లైట్లేస్తారు, షట్టర్ మూయాలా తెరిచే ఉంచాలా? నన్నడిగితే మూయొద్దు, ఆ వెలుతురుకి తగ్గట్టు లెన్స్ రంధ్రం ముందే చిన్నది చేసుకోవాలి, సమోసాల కోసం లేచిన జనం కూడా మన సినిమాలో భాగమే. ఫస్ట్ డే మార్నింగ్ షోకి తీస్తే ఎగరేసిన పేపర్లు ఫొటోలో పడవు, కదిలేది ఏదీ అంతసేపు నిలవదు కాబట్టి ముందు వరసలన్నీ పొగలా వస్తాయి. ఈలేసిన కుర్రాడు ఉండడు, వాడు ఎక్కి నిలబడ్డ సీటు మాత్రం ఉంటుంది, చిరిగిన రెక్సిన్‌తో సహా.