పియానో ప్రయోగశాల పరికరమేనా?

అమెరికాలో నల్లజాతివారి చదువు కోసం ఎప్పుడో పుట్టిన కాలేజీలున్నాయి. వాషింగ్టన్ నుంచి "చారిత్రక నల్లజాతి కాలేజీలకు ఇన్ని మిలియన్ డాలర్లు" అని ప్రకటన రాగానే చప్పట్లు మోగుతాయి. అందులో బొమ్మల గదికీ, సంగీతం గదికీ చేరేదెంత అని మాత్రం ఎవరూ అడగరు. కళలకు డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. డబ్బు ఉంది. అది కళల వైపు పారకుండా రూల్స్‌లోనే గట్టు కట్టారు.

టైటిల్ త్రీ పార్ట్ బీ చూడండి. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం కింద ఈ నల్లజాతి కాలేజీలకు (హెచ్‌బీసీయూలకు) వచ్చే ప్రధాన నిధి ఇదే. పంపకం లెక్క ఇలా ఉంటుంది: సగం పెల్ గ్రాంట్ (పేద విద్యార్థులకిచ్చే ఫెడరల్ సాయం) అందుకునే విద్యార్థుల సంఖ్యను బట్టి, పావు వంతు డిగ్రీ పూర్తిచేసిన వారిని బట్టి, మిగతా పావు నల్లజాతివారు తక్కువగా ఉన్న రంగాల్లో పైచదువులకు వెళ్లిన వారిని బట్టి. శిల్పకళలో డిగ్రీ చేసి సొంత స్టూడియో పెట్టుకున్న అమ్మాయి ఆ చివరి పావులో లెక్కకే రాదు. ఇక కొనుగోళ్ల సంగతి. చట్టం పేరు పెట్టి చెప్పినది "శాస్త్ర, ప్రయోగశాల పరికరాలు". పియానోనూ, కుండలు కాల్చే కొలిమినీ ఆ మాటలో ఇమిడ్చాలంటే దరఖాస్తు రాసేవాడు కవి అయి ఉండాలి! హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) విద్యార్థులు కనీసం 25 శాతం ఉన్న కాలేజీలకు 2019 ఫ్యూచర్ చట్టం ఏటా 100 మిలియన్లు ఖాయం చేసింది. అక్కడా పెద్దపీట సైన్సుకు, ఇంజినీరింగ్‌కే.

సరే, కళల కోసమే నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అనే ఫెడరల్ సంస్థ ఉంది కదా అంటారు. ఉంది. కానీ దాని ప్రాజెక్టు గ్రాంటుకు డాలరుకు డాలరు మ్యాచింగ్ చూపించాలి, ఆ మ్యాచింగ్ ఫెడరల్ డబ్బు కాకూడదు. అంటే టైటిల్ త్రీ సొమ్ము చేతిలో ఉన్నా ఇక్కడ చెల్లదు. 30,000 గ్రాంటు కావాలంటే ఇంకో 30,000 బయట పుట్టాలి. గది వాడకం, వాలంటీర్ల శ్రమ కూడా విలువ కట్టి చూపొచ్చు గానీ, గంటల లెక్క కాగితం మీద లేకపోతే ఆడిట్‌లో కొట్టేస్తారు. పెద్ద యూనివర్సిటీకి ఇదంతా ఒక ఫోన్ కాల్. గ్రాంట్ ఆఫీసులో ఒక్కరే పనిచేసే కాలేజీకి నెలల తరబడి చాకిరీ.

పైగా అది ప్రాజెక్టు డబ్బు. కచేరీ అయిపోతుంది, పియానో మిగులుతుంది. దాన్ని ఏడాదికి రెండుసార్లయినా శ్రుతి చేయించాలి. కొలిమి గదిలో పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, ప్రింటింగ్ గదిలో సాల్వెంట్ ఆవిర్లను లాగే ఫ్యాను ఉండాలి. ఇవి పోస్టరు మీద వేసుకునే ఖర్చులు కావు, కాబట్టి ఎవరూ ఇవ్వరు. చివరికి ఆ గదికి తాళం పడుతుంది.

డబ్బు కరువైతే ఏమవుతుందో ఇలాంటి నల్లజాతి కాలేజీయే అయిన ఫిస్క్ యూనివర్సిటీ చూపించింది. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1949లో ఇచ్చిన 101 కళాఖండాల్లో సగం హక్కును 2012లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికి 30 మిలియన్లకు ఇచ్చేసుకుంది. ఇప్పుడవి రెండేళ్లు ఆ మ్యూజియంలో, రెండేళ్లు ఫిస్క్‌లో.

2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ హిస్పానిక్, ఏషియన్ తదితర మైనారిటీ విద్యార్థుల కాలేజీలకు వెళ్లే సుమారు 350 మిలియన్లు ఆపేసింది. కొద్ది రోజులకే హెచ్‌బీసీయూలకు, గిరిజన కాలేజీలకు ఒక్కసారికి అదనపు సొమ్ము ప్రకటించింది. ఒక పేదవాడి విస్తట్లో తీసి ఇంకో పేదవాడి విస్తట్లో వడ్డించి, అన్నదానం అని పేరు పెట్టడం ఇది.

నాకు నచ్చిన ఏర్పాటు శాంటా ఫేలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికన్ ఇండియన్ ఆర్ట్స్‌ది, అంటే అమెరికా ఆదివాసీల కళల కాలేజీది. 1986లో కాంగ్రెస్ చార్టర్ ఇచ్చింది, ఫెడరల్ బడ్జెట్‌లో నేరుగా పద్దు ఉంది. జీతాలు, మరమ్మతులు చాలావరకు అందులోంచే నడుస్తాయి. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో వైట్‌హౌస్ ఆ పద్దుకు సున్నా చుట్టింది, అది వేరే రోత.

కాబట్టి సదస్సులు ఆపండి. "శాస్త్ర, ప్రయోగశాల" పక్కన "కళా, సంగీత" అని రెండు మాటలు చేర్చండి. ఈ కాలేజీలకు మ్యాచింగ్ ఎత్తేయండి. గ్రాంటులో కొంత భాగాన్ని మూడేళ్ల మరమ్మతులకని విడిగా రాయండి, శ్రుతి చేసేవాడి కూలీతో సహా.