మొదలు తూచాకే లెక్క కట్టాలి

తేయాకు తోటలో బయోమాస్ ఎంతో, అంటే ఆకు, కొమ్మ, మొదలు, వేరు అన్నీ ఎండబెడితే ఎంత తూగుతాయో ఉపగ్రహ చిత్రాలతో అంచనా కట్టే పద్ధతులు చేతికొచ్చాయి. ఆ ఎండు బరువులో దాదాపు సగం కర్బనం. గాలిలోని కర్బనాన్ని మొక్కల్లో పట్టి ఉంచినందుకు అమ్ముకునే కార్బన్ క్రెడిట్ల పేరుతో కర్బనానికి ధర పలుకుతున్న రోజులివి. లెక్క తప్పితే నష్టపోయేది నీలగిరి వాలుల్లో అరెకరం తోటను నమ్ముకున్న చిన్న రైతే.

ఆకు ఎర్రని కాంతిని మింగేసి పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ తేడానే ఉపగ్రహం పచ్చదనంగా కొలుస్తుంది. ఐదు రోజులకోసారి ఉచితంగా అందే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్ల చదరం, మన లెక్కలో రెండున్నర సెంట్లు. అరెకరానికి వచ్చేవి ఇరవై గడులు. అందులోనూ గట్టు పక్కవి పొరుగు తోటతో కలిసిపోతాయి.

అసలు చిక్కు మొక్కలోనే ఉంది. వదిలేస్తే చెట్టయ్యే తేయాకును నడుమెత్తున చదునుగా కత్తిరించి పెంచుతారు. పైనుంచి చూస్తే కొండంతా పచ్చని పరుపే. పదేళ్ల మొక్కకూ యాభై ఏళ్ల మొక్కకూ అక్కడ తేడా తెలియదు. వంగి ఆకు పక్కకు తీసి చూడండి: ఒకదాని మొదలు గుప్పిట్లో ఇముడుతుంది, ఇంకోదాని మొదలు నాచు పట్టి, ముడులు తేలి, రెండు చేతులకూ అందదు. బరువంతా ఆ మొదట్లోనే. నాలుగైదేళ్లకోసారి కొమ్మలు నరికితే చిత్రంలో తోట బోసిపోతుంది, మొదలూ వేరూ మాత్రం ఎక్కడికీ పోవు. నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ పచ్చదనమేమో తేయాకు ఖాతాలో పడుతుంది. ఇక వానాకాలం మబ్బుల సంగతి చెప్పనక్కర్లేదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్ మీద మాకు ఆశ ఉంది. దాని రాడార్ మబ్బును దాటి, ఆకును దాటి కొమ్మల దాకా వెళ్తుంది. 12 రోజులకోసారి అదే చోటిని చూస్తుంది. కానీ కొండవాలు రాడార్‌నూ తికమక పెడుతుంది. ఏ ఉపగ్రహానికైనా నేల మీద తూచిన బరువే ఆధారం. మొక్కను వేళ్లతో పెకలించి, ముక్కలు చేసి, బరువు ఇక తగ్గదనేదాకా ఓవెన్‌లో ఎండబెట్టి తూచాలి. ఓపిక కావాల్సిన పని, డబ్బు ఖర్చయ్యే పని. దాన్ని దాటేసి క్రెడిట్లు అమ్మడమంటే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

బెంగళూరులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు పిల్లలకు మా మనవి ఒకటే. కోడ్ మొదలుపెట్టే ముందు ఊటీ బస్సెక్కండి, కూనూరు దాకా వెళ్లి ఒక్క మొక్క మొదలైనా టేపుతో కొలవండి. టీ బోర్డు, ఇస్రో కలిసి వయసులవారీగా, రకాలవారీగా తూచిన బరువుల పట్టికను అందరి ముందూ పెట్టాలి. అది తమిళంలో, కన్నడంలో రైతు చేతికి అందాలి. తూచడానికి పెకలించే ప్రతి మొక్కకూ పరిహారం ముందే చెల్లించాలి, ఆ ఖర్చు కర్బనం కొనేవాళ్లే భరించాలి.